కొత్త బోటుకి కన్నాలు

మోకాళ్లు అరిగాక మా ఆయన వేట మానేశాడు. మానేశాడన్న మాటే గాని, పొద్దున లేస్తే జాలరిపేట ఒడ్డునే ఉండేవాడు. ఎవరి బోటు ఒడ్డుకొచ్చినా దాని చుట్టూ తిరిగి, ఇక్కడ చెక్క వదులైంది, అక్కడ రంగు పట్టలేదు అని చెప్పేవాడు. కొన్నాళ్లు విన్నారు. తర్వాత ఆయన వస్తుంటే వలలో ఏదో వెతుకుతున్నట్టు తలలు దించుకునేవాళ్లు. అప్పుడు ఇంటికొచ్చి గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. సముద్రం మీదికి పోని మగాడు ఇంట్లో ఎంత చోటు ఆక్రమిస్తాడో నాకు అప్పుడే తెలిసింది.

అలాంటప్పుడు ఒక కబురొచ్చింది. నేను ఏళ్ల తరబడి చేపలు అమ్మిన ఇంటి బాబుగారు గోదావరి వైపు మనిషి, పోర్టులో కాంట్రాక్టులు చేసేవారు. ఆయన షికారుకి సొంతంగా కేబిన్ బోటు కట్టించుకున్నారు. స్టీరింగ్ పట్టడం నేర్చుకున్నారు గాని, పక్కన సముద్రం తెలిసిన మనిషి ఒకడు కావాలి. "ముందొకసారి వచ్చి బోటు చూడమను. మిగతా సంగతి తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు.

బయల్దేరేముందు మా ఆయనకి గట్టిగా చెప్పాను.

"వంకలెట్టకు మావా. బాగున్నాదని సెప్పు, సాలు."

"బాగోకపోతేనో?"

"అయినా బాగున్నాదనే సెప్పు."

"బాగుందే! ముందు ములిగేది నానే కదేటి?"

సింహాద్రి అప్పన్నకి దణ్ణం పెట్టుకుని, ఆయన నోటికి కాపలాగా నేనూ ఆటో ఎక్కాను. దారి పొడుగునా బోర్డులు పైకి చదువుతూనే ఉన్నాను. మా వీధి కమ్యూనిటీ హాల్లో సాయంత్రం క్లాసుకి వెళ్లి అక్షరాలు నేర్చుకున్న కొత్త. "పం...చ...ర్లు వే...య...బ...డు...ను."

"ముందు నీ నోటికి ఎయ్యాలి పంచరు" అన్నాడు మా ఆయన.

బోటు హార్బర్లో కట్టి ఉంది. తెల్లగా, మా ఇంటికన్నా శుభ్రంగా. లోపల రెండు పరుపులు, చిన్న వంటగది, బొమ్మరిల్లులాంటి బాత్రూమ్. దాని ప్లాను గీసి, దగ్గరుండి కట్టించిన అమ్మాయి కూడా బాబుగారితో వచ్చింది. మా చిన్నకోడలి ఈడు ఉంటుంది. స్విచ్చుల దగ్గర, ఇంజన్ దగ్గర ఎక్కడ చూసినా ఇంగ్లీషు స్టిక్కర్లే. "ఒక్కటీ తెలుగులో నేదేటమ్మా? నాను నేర్సుకున్నదంతా వేస్టయిపోతంది" అన్నాను. ఆ పిల్ల నవ్వింది.

మా ఆయన నా మాట మర్చిపోవడానికి ఎంతోసేపు పట్టలేదు. ఒక కన్ను మూసి బోటు పక్క గోడ వెంట చూశాడు, ఎత్తుపల్లాలున్నాయేమోనని. వేలి కణుపులతో అడుగడుగునా కొట్టి విన్నాడు. పట్టుకునే కమ్మీని ఊపాడు.

"దీనెనకాల ఏటుంది అమ్మా? ఒట్టి మరలేనా?"

"లోపల స్టీలు ప్లేటుందండి. చెయ్యి పెట్టి చూడండి."

పెట్టి చూశాడు. ఉంది. అలమర వెనక ఎవరి కంటా పడని చోట తడిమాడు. ఫైబర్ బోటు కదా, ముళ్లు గుచ్చుకుంటాయనుకున్నాడు, నున్నగా ఉంది. ఇంజన్ మూత ఎత్తించి, రిపేరొస్తే చెయ్యి దూరుతుందో లేదో చూశాడు. "దూరతంది" అన్నాడు, కాస్త నిరాశగా.

నా నోరూ ఊరుకోలేదు. కేబిన్ గుమ్మానికి దాదాపు నా మోకాలంత గడప ఉంది.

"ఓలమ్మ, ఇది గడపా, గోడా? ముసిలోల్లు ఎలాగ దాటతారు?"

"నీళ్లు లోపలికి రాకుండా ఆంటీ."

"ఇంత మంచి బోట్లోకి నీలెందుకొస్తాయి?"

వంకలెట్టొద్దన్నది ఎవరు అన్నట్టు మా ఆయన నాకేసి చూశాడు.

బాబుగారూ ఆ అమ్మాయీ స్టీరింగ్ దగ్గరికి వెళ్లి బోటు బయల్దేరదీశారు. మేం వెనక, కేబిన్ బయట కూర్చునే చోట ఉన్నాం. అక్కడ నేల మూలల్లో రెండు కన్నాలు కనబడ్డాయి. మా ఆయన వంగి చూస్తే అవతల సముద్రం! చెక్కల సందుల్లో పీచు కూరి గుగ్గిలం పూసి బతికినవాళ్లం, బోటుకి కన్నం అంటే మాకు ఒకటే అర్థం.

"సెప్పేత్తాను."

"సెప్పకు మావా. పని పోతాది."

మా ఆయన భుజం మీది తువ్వాలు రెండు ముక్కలు చేసి ఆ కన్నాల్లో గట్టిగా కూరాడు. నా మాటా నిలబడింది, బోటూ నిలబడిందని ఇద్దరం సంతోషించాం.

యారాడ కొండ దాటుతుంటే ఓడల్ని లాగే టగ్గు ఒకటి జోరుగా పక్కనుంచి పోయింది. బాబుగారు కంగారుపడి ఇంజన్ ఒక్కసారిగా తగ్గించేశారు. వెనకనుంచి అల లేచి వచ్చి మేం కూర్చున్న చోటంతా నింపేసింది. బాబుగారు విప్పిన చెప్పులు తేలాయి, నా టిఫిన్ క్యారేజీ తేలింది. నీళ్లు గడపని కొట్టుకుని అక్కడే ఆగాయి. లోపల పరుపు మీద చుక్క పడలేదు.

"నీళ్లు పోవట్లేదేంటమ్మా? మొదటి రోజే ముంచేస్తావా ఏంటి?" అని బాబుగారు అరిచారు.

"పోవాలండీ... వెంటనే పోవాలి" అంటూ ఆ పిల్ల నీళ్లలో మోకాళ్ల మీద కూర్చుని తడుముతోంది.

మా ఆయనకి అప్పుడు అర్థమైంది. "లెగమ్మా, నీ తప్పు నేదు. నానే మూసీసినాను."

"ఎందుకండీ?"

"కన్నం కదమ్మా!"

గుడ్డలు లాగేసరికి నీళ్లు గడగడమంటూ పోయాయి. అప్పుడు మా ఆయనే అన్నాడు, "బాబూ, ఇంత నీరు ఎత్తుకుని కూడా ఇది పక్కకి ఒరగనేదు. మా పాత బోటయితే ఈపాటికి ఈత కొడతన్నాం. మంచి బోటు." తర్వాత నా వైపు తిరిగి, "ఆ గడప కూడా" అన్నాడు.

"సరే, కబురు చేస్తాను" అన్నారు బాబుగారు, చెప్పుల నీళ్లు దులుపుకుంటూ. "రేపు తీసుకుంటాలే" అని తలుపేసుకున్నవాళ్ల గుమ్మాల ముందు చేపలమ్మినదాన్ని. ఆ మాట ఎలాంటిదో నాకు తెలుసు. మా ఆయనకీ తెలిసినట్టుంది. ఆ వారమంతా ఒడ్డుకి కూడా పోలేదు.

తర్వాత ఒకసారి హార్బర్‌కి రమ్మని ఫోనొచ్చింది. "తిట్టడానికే" అంటూ బయల్దేరాడు. బాబుగారు గట్టు మీద ఎవరితోనో ఫోన్లో ఉన్నారు, బోటెక్కమని మాకు చెయ్యి ఊపారు.

వెనక్కి వెళ్లి చూస్తే, ఆ రెండు కన్నాల పైన నీలం రంగు అక్షరాలు కొత్తగా ఉన్నాయి. ఇంగ్లీషు కాదు.

"ఏటి రాసున్నాది?"

కూడబలుక్కుని చదివాను. "నీళ్లు పోయే దారి. మూయరాదు."

మా ఆయన ముఖం వాడిపోయింది. "ఎక్కిరించినారు."

"కాదు మావా. బాబుగారికి ఇంగ్లీసొచ్చు, ఆయన సుట్టాలకీ ఒచ్చు. మరి తెలుగులో ఎవలి కోసం రాసినట్టు?"

"నాకు సదవడం రాదు కదే?"

"నాకొచ్చు కదేటి!"

బాబుగారు ఫోన్ పెట్టేసి వచ్చేసరికి మా ఆయన చెప్పులు విప్పేసి, కట్టిన తాడు విప్పుతున్నాడు.

"నేనింకా ఏం చెప్పలేదు కదయ్యా!" అన్నారు.

"సదివీసినాం బాబూ" అన్నాడు మా ఆయన.