విత్తనాలు తిన్న నెమళ్ళు

షోళింగనల్లూరులో మా అపార్ట్‌మెంట్ గోడమీద వాలిన నెమలిని పోయిన నెలంతా ఫొటోలు తీసి మురిసిపోయినవాళ్ళే, మొన్న అది మిద్దెమీది కుండీల్లో టమాటా నారు పొడిచేసిందని, వెంటనే అటవీశాఖకు పట్టించాలని వాట్సాప్ గ్రూపులో గోల పెట్టారు. అది చదువుతుంటే పొన్నేరి పక్కన మా తాత చేను గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

నా బడి సెలవులన్నీ ఆ చేలోనే గడిచేవి. మొదటిసారి నెమళ్ళు వచ్చిన రోజు, మురుగన్ సామి వాహనం మన చేలోకి నడిచొచ్చిందని మా అవ్వ చెంపలేసుకుని, చేటలోని గింజలు గుప్పెడు చల్లింది. మరుసటి ఏటికి మంద తయారైంది. తాత నాగలి చాలులో వేరుశెనగ విత్తుకుంటూ పోతే, అవి వెనకాలే గింజ గింజా ఏరుకుని తినేవి. మళ్ళీ విత్తితే మళ్ళీ తినేవి.

మేం చెయ్యని ప్రయత్నం లేదు: చేను చుట్టూ పాత చీరలు కట్టాం, డబ్బాలు వాయించాం, చివరికి మామ తన పాటల క్యాసెట్లు విప్పి, ఆ టేపును గట్టు పొడుగునా కొయ్యలకు మెలిపెట్టి కట్టాడు. గాలికి అది జుమ్మని మోగుతుంటే, ఎందుకు మోగుతుందో నేను అందరికీ ఫిజిక్సు పాఠం చెప్పాను. కొన్నాళ్ళకే నెమళ్ళు దాని కిందనుంచి దూరి వచ్చాయి. మామ పాటలు వాటికి బాగా నచ్చినట్టుండాయని అవ్వ నవ్వింది. తాత నవ్వలేదు.

ఒకరోజు ఆయన మట్టిగడ్డ విసిరితే ఎవరో చూసి చెప్పారు. అటవీశాఖ ఉద్యోగి బండిమీద వచ్చి, నెమలికి దెబ్బ తగిలితే జైలేనని మర్యాదగానే చెప్పాడు. తాత గొంతు పెంచలేదు.

"నెమలిని కాపాడేదానికి మీరుండారు సార్, సామి ఉండాడు. నా విత్తనాన్ని కాపాడేదానికి ఎవురుండారో చెప్పండి, ఆడికే పోతాను."

ఆ ఉద్యోగి అవ్వ ఇచ్చిన మజ్జిగ తాగి, పైకి రాసి పంపుతానని వెళ్ళిపోయాడు. నెమలి చావాలని మాలో ఎవరూ కోరుకోలేదు. పోయిన విత్తనం సంగతి అడగడానికి ఒక్క మనిషి వస్తే చాలనుకున్నాం. ఎవరూ రాలేదు. ఆ మరుసటి ఏడు తాత వేరుశెనగ మానేసి సరుగుడు నాటేశాడు.

నాలుగు కుండీల నారు పోయిందంటే ఈ పొద్దున మా అపార్ట్‌మెంట్ గేటు ముందుకు వలతో సహా అటవీశాఖ జీపు వచ్చింది.

ఆ సెలవుల్లో చేలోనే వేరుశెనగ కాయలు పెరికి, అక్కడే ఉప్పేసి ఉడకబెట్టి, వేడివేడిగా అవ్వ మా ఒళ్ళో పోసేది. ఆ వాసన మా చేలో ఇక లేదు. సాయంత్రమైతే నెమళ్ళు మాత్రం సరుగుడు కొమ్మలమీదికి చేరి కూస్తాయి. కింద విత్తేవాడు లేడు, ఏరుకోవడానికి గింజా లేదు.