బస్టాప్ దాకా నడిచిన మేడమ్

రెండు వారాల క్రితం మా మేడమ్ పోయారు. కబురు వచ్చినప్పుడు ఎల్‌బీ నగర్ సిగ్నల్ దగ్గర ఆటోలో ఉన్నాను. ఏడుపు కన్నా ముందు, ఇక ఆ సంగతి చెప్పుకునే వీలు లేదన్న భయం వచ్చింది. సిగ్గుపడుతూనే ఇది రాస్తున్నాను.

మేడమ్ సోషియాలజీ ప్రొఫెసర్. పనిచేసే చోట ఆడవాళ్లకు ఎదురయ్యే వివక్ష మీదే జీవితమంతా పనిచేశారు. నేను రెండేళ్లు ఆమె సహాయకురాలిని. ఆమెది ఒకటే పట్టు: దుకాణంలో ఎవరినీ ఏమీ అడగకూడదు. దిల్‌సుఖ్‌నగర్ చీరల షాపుల్లోని అమ్మాయిలు డ్యూటీ దిగాక, మోకాళ్ల నొప్పులతోనే వాళ్లతో బస్టాప్ దాకా నడుస్తూ మాట్లాడేవారు. "ఓనరు ఎదురుగా నిజం ఎవరు చెప్తారే? చెప్తే వాళ్ల ఉద్యోగానికే ఎసరు," అనేవారు. బస్సు వస్తే ప్రశ్న మధ్యలోనే ఆపేసి, "ఎక్కెయ్యమ్మా, ఎక్కెయ్!" అని తొందరపెట్టేవారు. మా ప్రశ్నల కాగితాలు సగం ఖాళీగా మిగిలేవి. నాకు విసుగొచ్చేది.

ఆ విసుగే కొంప ముంచింది. ఒక మధ్యాహ్నం మేడమ్‌కు చెప్పకుండా షాపులోకే వెళ్లి, పెద్ద అంబర్‌పేట్ నుంచి వచ్చే ఒకామెను అడిగేశాను: "మగవాళ్లకి స్టూళ్లు వేశారు, మీకెందుకు వేయలేదు?" ఆమె కళ్లతోనే వద్దంది. నేను ఆగలేదు. మేనేజర్ విన్నాడు. వారం తిరక్కుండా ఆమెను తీసేశారు.

మేడమ్ అడిగితే, "తనే మానేసిందండీ," అన్నాను. నా నోరు పడిపోను! మేడమ్ కళ్లజోడు తుడుచుకుని, "అలాగా," అన్నారు. ఆ తర్వాత కూడా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఓపిగ్గా పని నేర్పారు. ఈరోజు నేను తినే అన్నం ఆమె నేర్పిన పనిదే.

పదకొండో రోజున మూసారాంబాగ్‌లో మేడమ్ వాళ్లింటికి వెళ్తే, షాపులో పని పోయిన ఆమె వచ్చి ఉంది. నన్ను గుర్తుపట్టి చెయ్యి పట్టుకుంది.

"పని పోయినంక మేడమ్ మా ఇంటికొచ్చింది. షాపుల అడగమని నిన్ను తనే పంపిందంట. తప్పు నాదేనని దండం పెట్టింది. నేను మాఫ్ చెయ్యలే. మళ్ల మా గడప తొక్కొద్దన్న. గిప్పుడు మనసు నిమ్మలంగ లేదమ్మా."

అంటే మేడమ్‌కు అంతా తెలుసు. నన్ను ఒక్క మాటా అనలేదు.

"ఆమె పంపలేదు," అన్నాను. "వద్దని ఎన్నిసార్లు చెప్పినా నేనే వచ్చాను. తప్పు నాది."

ఆమె నా చెయ్యి వదిలేసింది. మేడమ్ ఫొటో దగ్గరికి వెళ్లి, అద్దం మీద రెండు చేతులూ ఆనించి, "మాఫ్ చెయ్యి మేడమ్," అని ఏడ్చింది.