కాక చెప్పిన ఇంగ్లీషు సినిమా

మా ఎదురింటి కాక పోయిన నెల చనిపోయాడు. ఉదయం నాయిన ఫోన్ చేసి, “కాక పోయిండు బిడ్డా, జల్దీ రా” అని పెట్టేశాడు. మాకు రక్తసంబంధం ఏమీ లేదు. నాయినకన్నా చిన్నవాడు, గుండ్లపోచంపల్లిలో ఇల్లు ఎదురుబదురు, అందుకని కాక. నలుగురూ చెప్పుకునే గొప్ప పనులేవీ ఆయన చేయలేదు. మేడ్చల్ బస్టాండు దగ్గర ఆమ్లెట్ బండి నడిపాడు. నాకు మాత్రం సినిమా చూడటం నేర్పాడు.

వయసులో ఉన్నప్పుడు కాక మిలిటరీ మెస్సులో వంట చేసేవాడు. ఆఫీసర్లకు వేసే ఇంగ్లీషు సినిమాలు వంటింటి తలుపు దగ్గర నిలబడి చూసేవాడట. ఓ ఆఫీసరు బదిలీ మీద వెళ్తూ ఒక క్యాసెట్ ఇచ్చి పోయాడు. తర్వాత నాయిన పనిచేసే సూరారం కంపెనీలోనే కాక కూడా చేరాడు. అక్కడ యూనియన్ పెడదామని నలుగురు మాట్లాడుకున్నారు. వారం తిరక్కుండానే ఆ నలుగుర్నీ గేటు బయట ఆపేశారు, అందులో కాక ఒకడు. లోపలివాళ్లే ఎవరో పేర్లు ఇచ్చారు. ఆ మనిషి ఎవరో తెలిస్తే ఆ ఇంటితో మంచీచెడూ బంద్ అని వీధి వీధంతా తీర్మానించుకుంది. కాక మాత్రం, “ఎవలిస్తే ఏంది, ఇగ ఆమ్లెట్లు ఏసుకుంట” అని బండి పెట్టుకున్నాడు.

ఆ ఏడు బోనాలు అయిపోయిన మర్నాడు వీధివాళ్లం కలిసి టీవీ, వీసీఆర్ కిరాయికి తెచ్చాం. తెచ్చిన తెలుగు సినిమా సగంలో టేపు చుట్టుకుపోయింది. సాయంత్రానికి వీసీఆర్ తిరిగి ఇచ్చేయాలి. అందరూ కాక మీద పడ్డారు, పెట్టెలో ఉన్న క్యాసెట్ తీయమని.

“అది ఇంగ్లీషుది. మీకు సమజ్ గాదు. వద్దు.”

“నువ్వు చెప్పు, మేం ఇంటం.” అందరికన్నా గట్టిగా అడిగింది మా అమ్మే.

సినిమాలోది ఓడరేవు ఉన్న ఊరు. అక్కడి ఐసు ఫ్యాక్టరీలన్నీ ఒక ముసలి దాదా చేతిలో ఉంటాయి. ఆయనకు కాక ‘సేటు’ అని పేరు పెట్టాడు. చిన్నప్పటినుంచీ పక్కనే ఉన్నవాడు ‘దోస్తు’. లోపలి ముచ్చట్లు ఎవరో పోలీసులకు చేరవేస్తుంటారు. అదంతా డ్రైవరు పని అని కాక చెప్పాడు. చివర్లో సేటూ దోస్తూ ఐసు దిమ్మల మధ్య నిలబడతారు. సేటు తన కోటు విప్పి దోస్తుకు తొడుగుతాడు. ఇద్దరి మాటలూ కాకే చెప్పేవాడు, సేటుకు బొంగురు గొంతు, దోస్తుకు సన్న గొంతు.

“సలి మస్తుగుంది, గిది ఏసుకో.”

“మరి నీకో?”

దోస్తు ఆ కోటుతో బయటికి నడుస్తాడు. సేటు కోసం కాచుకున్న శత్రువులు కోటు చూసి ఇతనే సేటు అనుకుని కాల్చేస్తారు. మా ఆడవాళ్లంతా కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. “దోస్తంటే గట్లుండాలె” అంది అమ్మ. నాయిన మంచినీళ్లు తాగడానికి లేచిపోయాడు.

తర్వాత వీసీఆర్ తెచ్చినప్పుడల్లా నేను ఆ సినిమానే అడిగేదాన్ని. కాక పక్కన కూర్చోబెట్టుకుని, “మాట మీదికి వోకు బిడ్డా, మొహం సూడు. మాటలు ఎవలన్న అంటరు” అనేవాడు. సేటు వేషం వేసినాయన సినిమా మొత్తంలో ఒక్కసారి కూడా గొంతు పెంచడు. ఎవరో ద్రోహం చేశారన్న కబురు వచ్చినప్పుడు సూపు తాగుతుంటాడు. తాగడం ఆపడు, చెంచా మాత్రం నెమ్మదిస్తుంది. కోటు గుండీలు పెట్టేటప్పుడు చివరి గుండీ దగ్గర వేళ్లు ఆగిపోతాయి. కాక అక్కడ టేపు ఆపేవాడు. “గీడ సూడు. కథ మొత్తం గా ఏళ్లల్లనే ఉన్నది.” ఆ తర్వాత నేను చాలా దాదాల సినిమాలు చూశాను. అరుపులూ కార్లూ తుపాకులూ బోలెడు. అలా గుండీ పెట్టినవాడు నాకు మళ్లీ కనబడలేదు.

రెండువేలు దాటాక, నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో, కోఠిలో ఆ సినిమా డీవీడీ దొరికింది. కింద ఇంగ్లీషు అక్షరాలు పడుతున్నాయి. చూస్తే కథే వేరు! పోలీసులకు చెప్పింది డ్రైవరు కాదు, దోస్తు. బయట కాచుకున్నది శత్రువులు కాదు, సేటు మనుషులే. ఆ కోటు వేసుకుని ఎవరు బయటికొస్తే వాళ్లను కాల్చమని ముందే హుకుం.

నేరుగా బండి దగ్గరికి పోయాను. “ఏంది కాకా, ఇన్నేండ్లు మాకు తప్పు కథ జెప్పినవ్!”

కాక పెనం మీది ఆమ్లెట్ తిరగేశాడు. “మెస్సు ఇంగ్లీషు బిడ్డా. నాకు గంతే వచ్చు.”

ఇంటికొచ్చి అందరికీ చెప్పి నవ్వాను. డిగ్రీ చదివిన పొగరు నాది. నాయిన నవ్వలేదు. అప్పుడు నేనది పట్టించుకోలేదు.

కాకను సాగనంపి వచ్చాక నాయిన మా ఇంట్లోకి రాలేదు, ఎదురింటి అరుగు మీదే కూర్చున్నాడు. చాయ్ తీసుకెళ్తే గ్లాసు పక్కన పెట్టాడు.

“గా నాలుగు పేర్లు ఇచ్చింది నేనే బిడ్డా. ఇయ్యకుంటె నా నౌకరీ పోతదన్నరు. ఇచ్చిన.”

“కాకకు తెలుసా?” అని అడిగాను.

“ఎరుకే. నాతోని ఎన్నడు అనలే. సినిమా మొదటిసారి సూసిన్నాడే నాకు సమజైంది. నాకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. గని గా ముసలోడు గుండీలు పెడ్తుంటె మొహం సూసిన. సంపెతందుకే తొడుగుతాండని తెల్సింది. వీడేమో సలి అంటాండు. గంతమంది నడుమ నా కోసమే కత మార్చిండు.”

ఇన్నేళ్లూ ఎదురెదురు అరుగుల మీద కూర్చుని ఇద్దరూ ఆ ఊసెత్తలేదు. నాయిన మీద నాకు కోపం వచ్చింది, ఇంకా పోలేదు. కాకను ఎగతాళి చేసినందుకు నా మీద నాకు సిగ్గేసింది.

కాక దినాలు అయిపోయిన మధ్యాహ్నం నాయిన, “గా సినిమా పెట్టు. ఆవాజ్ బంద్ జెయ్యి” అన్నాడు. పెట్టాను. మొదటినుంచీ చివరిదాకా కదలకుండా చూశాడు. ఐసు ఫ్యాక్టరీ వచ్చింది. సేటు కోటు విప్పాడు. పెదవులు కదిలాయి, మాట వినబడలేదు. చివరి గుండీ దగ్గర వేళ్లు ఆగాయి. టీవీ పక్కన కాక ఎప్పుడూ కూర్చునే చోటు వైపు తిరిగి, నాయిన మెల్లగా అన్నాడు.

“మరి నీకో?”