మాస్టారు చూడందే తాళం పడదు

మా బాబాయికి తన కళ్ళ మీద తనకే నమ్మకం లేదు. ఏ పనైనా ఇంకొకరు చూసి "అయింది" అంటేగానీ ఆయన లెక్కలో అయినట్టు కాదు. ఇంటికి తాళం వేశాక ఎదురింటి మాస్టారిని కేకేస్తాడు. "మాస్టారూ, ఒకసారి లాగి చూడండి!" రిటైరైన ఆ లెక్కల మాస్టారు చేతికర్ర పుచ్చుకుని, ఆరు మెట్లూ దిగి, రోడ్డు దాటి వచ్చి, తాళాన్ని రెండుసార్లు గుంజి "పడిందండీ" అని తీర్పు చెప్పాలి. అప్పుడుగానీ బాబాయి కదలడు. ఎలాగూ దిగారు కదా అని మాస్టారూ ఆయన వెంట నడుస్తారు.

నేను దీనికి పడీ పడీ నవ్వేవాణ్ణి. నేను కంప్యూటర్లు తెలిసినవాణ్ణి మరి. మా ఇంట్లో ఇంకెవరికీ తెలియకపోవడం వల్ల నాకు చాలా తెలుసని పేరొచ్చింది.

పిన్ని కుట్టుపని నేర్పుతుంది. ఇన్నాళ్ళూ సాయంత్రాలు మాత్రమే నేర్పేది. ఈసారి బట్టల కొట్లో ఉద్యోగం మానేసి, పది మిషన్లు వేసి బడే పెట్టింది. సోమవారం పదింటికి వెబ్‌సైట్‌లో సీట్లు తెరుస్తానని అందరికీ చెప్పుకుంది. ఆ వెబ్‌సైట్‌కి అద్దెకు చోటిచ్చిన పాత హోస్టింగ్ కంపెనీ నత్తనడక నడుస్తోందని, సైట్‌ని కొత్త కంపెనీకి మార్చే బాధ్యత నేను నెత్తినేసుకున్నాను. నన్నెవరూ అడగలేదు.

శనివారం సాయంత్రం లాప్‌టాప్ తెరిచి చూపించాను. కొత్త సైట్ తళతళలాడుతోంది.

"డీఎన్ఎస్ అంటే చిరునామాల పుస్తకం అనుకో బాబాయ్. పేరు చెబితే ఇల్లెక్కడో చెబుతుంది. మనం ఇల్లు మారాం, అందులో కొత్త చిరునామా రాయించాం. ఇక పాత హోస్టింగ్ రద్దు చేసెయ్."

"నీ దాంట్లో కనబడింది, సరే. మాస్టారి ఫోన్‌లో?"

"బాబాయ్, ఇది తాళం కాదు!"

ఆదివారం పొద్దున్నే బాబాయి మాస్టారిని వెంటేసుకుని వీధి మీద పడ్డాడు. మందుల షాపు, సెలూను, సైకిల్ షాపు, ఎవరి ఫోన్‌లో చూసినా పాత సైటే. దాని నెత్తిన పోయినేడాది నోటీసు: "సీట్లు నిండిపోయాయి."

నేను చలించలేదు. "మార్పు అందరికీ చేరడానికి రెండు రోజులు పట్టొచ్చు" అన్నాను. మందుల షాపాయన చేత ఫోన్ రెండుసార్లు ఆఫ్ చేయించాను. సెలూన్లో సగం గడ్డంతో ఒకాయన్ని కూర్చోబెట్టి మరీ బ్రౌజర్లో పాత సరుకంతా తుడిపించాను. సైకిల్ షాపులో రౌటర్ వైర్లు పీకించాను. అవి మళ్ళీ ఎలా పెట్టాలో మాత్రం నాకు తెలియలేదు.

సోమవారం తొమ్మిదింటికే పిన్ని మెడలో టేపు వేసుకుని ఫోన్ ముందు కూర్చుంది. "ఎవరైనా వస్తారంటావా?" అంది. అప్పుడు నాకు గుర్తొచ్చింది.

కొత్త సైట్ ఎలా ఉందో ముందే చూసుకుందామని, శనివారం మధ్యాహ్నం నా లాప్‌టాప్‌లోని ఒక ఫైల్లో కొత్త సర్వర్ నంబరు నేనే రాసుకున్నాను. దాంతో నా లాప్‌టాప్ ఆ చిరునామాల పుస్తకం చూడకుండానే నేరుగా కొత్తింటికి వెళ్ళిపోతుంది. అసలు డీఎన్ఎస్ మార్పు భోజనం చేసొచ్చి చేద్దామనుకున్నాను. భోజనం చేశాను. పడుకున్నాను. అంటే ఈ భూమ్మీద ఆ కొత్త సైట్ కనబడే కంప్యూటర్ ఒక్కటే, అది నాది.

బాబాయిని వంటింట్లోకి లాక్కెళ్ళి చెవిలో చెప్పాను. నా మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

"ఇప్పుడు మార్చినా అందరికీ చేరేసరికి పొద్దుపోతుంది బాబాయ్. వచ్చినవాళ్ళు వచ్చినట్టే ఆ పాత నోటీసు చూసి వెళ్ళిపోతారు."

"పాతింటి తాళం మన దగ్గరే ఉందిరా. నువ్వు రద్దు చెయ్యమన్నావుగానీ, మాస్టారు చూడందే ఎలా చేస్తాను? వెళ్ళి ఆ తలుపు మీదే కొత్త నోటీసు అంటించు."

పదికి పది నిమిషాలుందనగా పాత సైట్లో "సీట్లు ఉన్నాయి, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని రాశాను. డీఎన్ఎస్ కూడా మార్చాను. ఈసారి నేను 'సేవ్' నొక్కుతుంటే మాస్టారు పక్కనే నిలబడి చూశారు. "పడిందండీ" అన్నారు.

సాయంత్రానికి పది సీట్లూ నిండాయి. 

"పాతదాంట్లో కూడా ఎందుకు పెట్టారు?" అని అడిగింది పిన్ని.

"మనవాడి ముందుచూపు" అన్నాడు బాబాయి.

పిన్ని మురిసిపోయి నా తల నిమిరింది. నేను సిగ్గు లేకుండా నిమిరించుకున్నాను.

వారం తరవాత మాస్టారు కూతురింటికి వెళ్ళారు. ఆ రోజు బాబాయి తాళం వేసి, దానివైపు తిరిగైనా చూడకుండా నడక సాగించాడు.

"లాగి చూడలేదేం బాబాయ్?"

"ఎందుకూ? పడిందిగా."

"మరి రోజూ మాస్టారిని పిలుస్తావుగా?"

"వాళ్ళావిడ పోయాక ఆయన గడప దిగడం మానేశారురా. షికారుకి రమ్మంటే రారు. తాళం చూడమంటే వస్తారు. వచ్చాక ఆయన్ని నాలుగు వీధులు తిప్పడం నా పని."

ఇన్నేళ్ళూ నవ్వినందుకు సిగ్గేసింది. బాబాయి మీద ప్రేమ పొంగుకొచ్చింది. దాంతోపాటు నా మీద నాకు కాస్త ధైర్యమూ వచ్చింది.

"అయితే వెబ్‌సైట్ కోసం వీధంతా తిరిగింది కూడా మాస్టారి కోసమేనన్నమాట! నా మీద నమ్మకం లేక కాదు!"

బాబాయి నా భుజం మీద చెయ్యేశాడు.

"అబ్బే, అది నమ్మకం లేకేరా."