అబద్ధమాడే సెన్సరు కోసం అనకాపల్లి

పొద్దున్న ఆరుంబావుకి రాజమండ్రిలో రైలెక్కినప్పుడు నా సంచీ బరువు చూసినవాళ్ళు, ఈయనెవరో ఒక ఫ్యాక్టరీ మొత్తం విప్పడానికి వెళ్తున్నాడనుకుని ఉంటారు. అందులో రెండు మల్టీమీటర్లు, మూడు సైజుల కటింగ్ ప్లేయర్లు, ఒక థర్మామీటరు, నా అట్ట కట్టిన డైరీ ఉన్నాయి. నేను బాగుచేయబోయేది అగ్గిపుల్లంత సెన్సరు.

అనకాపల్లిలో ఒక చిన్న ప్రసూతి ఆసుపత్రికి కిందటేడు వేడినీళ్ళ ట్యాంకు బిగించింది నేనే. అందులో నీళ్ళని నేరుగా కాచరు. పెరట్లో ఒక బాయిలరు ఉంటుంది. అందులో కాగిన నీరు పంపు తోస్తే ట్యాంకు లోపలి రాగి చుట్టలోంచి తిరిగి, తన వేడిని ట్యాంకు నీళ్ళకిచ్చి వెనక్కి పోతుంది. ట్యాంకు ఎంత వేడెక్కిందో సెన్సరు చెబుతుంది. ఆ మాట నమ్మి గోడమీది కంట్రోలు డబ్బా పంపుని నడుపుతుంది, ఆపుతుంది.

నాలుగు రోజుల కిందట ట్యాంకు చల్లబడిపోయిందని అక్కడి ఎలక్ట్రీషియన్ నూకరాజు ఫోన్ చేశాడు. నేను భోజనం ముందు కూర్చుని ఉన్నాను. “సెన్సరుని పక్కనపెట్టి పంపుకి డైరెక్టుగా కరెంటు ఇచ్చెయ్యి. నేనొచ్చేదాకా నడుస్తుంది” అన్నాను. పప్పు చల్లారేలోపు సమస్య తీర్చేశానని మా ఆవిడ దగ్గర గొప్పలు కూడా పోయాను.

సామర్లకోటలో తెల్లపంచె పెద్దమనిషి ఒకాయన ఎదురుసీట్లో కూర్చున్నాడు. అనకాపల్లిలో బెల్లం వ్యాపారమట. ఏం పనిమీద వెళ్తున్నారని అడిగాడు పాపం. అన్నవరం దాటేదాకా సెన్సర్ల గురించి చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, “మా కాడ పాకం వొచ్చిందో నేదో నీల్లలో ఏసి ఏళ్ళతో నొక్కి సెప్పెత్తారండి. ఆ ట్యాంకు మీద ఎవులూ సెయ్యెట్టి సూడరేటి?” అన్నాడు. మీకు అర్థం కాదులెండి అన్నట్టు నవ్వాను.

తుని దగ్గర మా ఆవిడ ఫోన్ చేసింది. “డైనింగ్ టేబుల్ మీద చిన్న వైరుముక్కేదో కవర్లో ఉంది. చెత్తలో వేసేయనా?”

అది కొత్త సెన్సరు. సంచీలో మిగతావన్నీ ఉన్నాయి.

తొమ్మిదీ ఇరవైకి అనకాపల్లిలో దిగాను. స్టేషన్ బయట రెండు ఇడ్లీ తిని, షేరు ఆటోలో పావుగంటలో ఆసుపత్రికి చేరాను. నూకరాజు గేటు దగ్గరే ఉన్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి, మాట తక్కువ. నన్ను చూడగానే చెప్పులవైపు చూపు దించుకున్నాడు. ఎందుకో లోపలికి వెళ్ళాక తెలిసింది.

ఆయా అప్పలకొండమ్మ టీ తెచ్చిచ్చింది. యాభై దాటిన మనిషి. ఎడమచేత్తో గ్లాసు పట్టుకుంది. కుడిచెయ్యి మణికట్టు నుంచి మోచేతిదాకా కట్టు కట్టి ఉంది.

“ఏమైందమ్మా?” అన్నాను.

“సలసల కాగిన నీల్లు పడిపోనాయి బాబూ. ఎవడో ఇంజినీరు ఫోన్లో సెప్పేడంట, ఏదో తీసీమని. పంపు ఆగకుండా తిరిగీసింది. బాలింతకి నీల్లు పడదామని కుళాయి తిప్పేను, పొగలు కక్కుతా వొచ్చీసేయి. ఇంకా నయం, పసిగుడ్డు నా సేతిలో నేదు. ఆ ఇంజినీరు సెయ్యి అందులో ముంచాల. తాగండి బాబూ, సల్లారిపోద్ది.”

తాగాను. ఆ ఇంజినీరుని నేనేనని చెప్పడానికి నోరు తెరిచాను. “టీ బాగుందమ్మా” అన్న మాట బయటికొచ్చింది. నూకరాజు పైకప్పు వంక చూస్తూ నిలబడ్డాడు.

ఆ రోజు నుంచి బాయిలరు ఆపేశారు. బాలింతలకీ పిల్లలకీ నీళ్ళు వంటగదిలో గ్యాసు మీద కాచి, అప్పలకొండమ్మే ఒంటిచేత్తో రెండో అంతస్తుకి మోస్తోంది. డాక్టరుగారు, నెరిసిన జుట్టు ముడివేసుకున్న పొట్టి ఆవిడ, రౌండ్స్ మధ్యలో వచ్చి ఒకే ముక్క చెప్పారు. “సాయంత్రానికి బాగవకపోతే ట్యాంకు విప్పించేస్తానండీ.”

సెన్సరు వైరు మళ్ళీ కలిపి పనికి దిగాను. గోడమీది డబ్బా డెబ్బై ఒక్క డిగ్రీలు చూపిస్తోంది. కుళాయి నీళ్ళేమో చన్నీళ్ళు. ఇంత తేడా ఉందంటే డబ్బాదే తప్పని తేల్చి దాన్ని విప్పాను. గంటసేపు ప్రతి వైరూ కొలిచాను. దానికేమీ లేదు. తర్వాత పంపుని అనుమానించి అదీ విప్పాను. అది శుభ్రంగా తిరిగింది. నూకరాజుకి వోల్టేజి హెచ్చుతగ్గుల మీద ఒక ఉపన్యాసం కూడా ఇచ్చాను. పదకొండున్నర అయింది.

బక్కెట్టుతో అటుగా వెళ్తున్న అప్పలకొండమ్మ ఆగి, ట్యాంకు మీద ఎడమ అరచెయ్యి ఆనించింది. “ఇది సల్లగా ఉంది. ఆ డబ్బా డెబ్బై అంతంది. దానికి డెబ్బై అని సెప్పిందెవులు బాబూ? ఆ సెప్పినదాన్నొగ్గీసి అందర్నీ ఇప్పి సూత్తన్నారేటి?”

పాతికేళ్ళ సర్వీసు నాది. సెన్సరు మొదట పరీక్షించాలని కొత్తగా చేరినవాళ్ళకి పాఠం చెప్పేదీ నేనే.

ఎదుటి చెరకురసం బండి దగ్గర ఒక గ్లాసుడు ఐసుముక్కలు అడిగి తెచ్చాను. సెన్సరు కోసం ట్యాంకులోకి దింపిన సన్న గొట్టంలోంచి దాన్ని లాగి ఐసునీళ్ళలో ముంచాను. డబ్బా అరవై ఎనిమిది దగ్గర ఆగింది. ఐసులో కూర్చుని కూడా నాకు చెమటలు పడుతున్నాయంటోంది. వైరు వెంట వేలితో తడుముతూ వెళ్తే, ప్లాస్టిక్ కట్టు బిగించినచోట తొడుగు తెగి, లోపలికి చెమ్మ దిగి ఉంది. కిందటేడు ఆ కట్టు బిగించింది ఎవరో మీకు చెప్పనక్కర్లేదు.

నూకరాజు బండి వెనక కూర్చుని ఏసీలు, ఫ్రిజ్జులు బాగుచేసే మూడు షాపులు తిరిగాను. మూడోచోట ఏసీ సెన్సరు ఒకటి మా డబ్బాకి సరిపోయే రకం దొరికింది. రాగానే ఐసునీళ్ళలో, తర్వాత గోరువెచ్చని నీళ్ళలో ముంచి, థర్మామీటరు పక్కన పెట్టి చూశాను. రెండూ ఒకే మాట చెప్పాయి. ఈసారి గొట్టం అడుగుదాకా దించి, వైరుని వదులుగా కట్టి, తడి దిగకుండా మూతి మూశాను. మరీ వేడెక్కితే సెన్సరుతో సంబంధం లేకుండా పంపుని ఆపేసే కటాఫ్ స్విచ్చి కూడా అదే షాపులో కొని తెచ్చి ట్యాంకుకి బిగించాను. అది కిందటేడే ఉండాల్సింది.

రెండున్నరకి బాయిలరు వెలిగించాం. నేను, నూకరాజు అన్నం కూడా డబ్బా ఎదురుగానే కూర్చుని తిన్నాం. నాలుగున్నరకి యాభై రెండు దగ్గర పంపు దానంతటది ఆగింది. నేనే వెళ్ళి కుళాయి కింద చెయ్యి పెట్టాను. చెయ్యి అలాగే ఉంచి, “అమ్మా, ఆ రోజు ఫోన్లో చెప్పింది నేనే” అన్నాను.

అప్పలకొండమ్మ ఏమీ ఆశ్చర్యపోలేదు. “ఎరికే బాబూ. ఆయాల నూకరాజు స్పీకరెట్టేడు కదా. పొద్దున్న మీరు నోరిప్పగానే గొంతు పోల్చుకున్నాను.”

“మరి నా మొహం మీదే తిట్టావేం?”

“మరెవుల మొకం మీద తిట్టాల?”

డాక్టరుగారికీ చెప్పాను. ఆవిడ ఒక తెల్లకాగితం నా ముందుకి తోశారు. “సెన్సరు తీసి పంపు నడపకూడదని రాయండి. కింద మీ పేరు పెట్టండి.” రాశాను. నూకరాజు దాన్ని డబ్బా పక్కన అతికించాడు. అంత లావు అక్షరాలతో నా పేరు నేనెప్పుడూ రాసుకోలేదు.

ఐదూ నలభై రైలు అరగంట ఆలస్యంగా వచ్చింది. కిటికీ పక్కన సీటు దొరికింది. అనకాపల్లి వెళ్ళేవారికి నేను చెప్పగలిగింది ఇంతే: పొద్దుటి రైలు అనుకూలం, ఇడ్లీ స్టేషన్ బయటే బాగుంటుంది, బజారులో వెతికితే కావలసిన వస్తువు దొరుకుతుంది. ఊరి సంగతి ఇంకేమీ తెలియదు. రోజంతా ఒక ట్యాంకు చుట్టూ తిరిగి, ఇంట్లోంచి ఒక్క ఫోన్ మాటతో పాడుచేసిన పనిని సరిచేసి వస్తున్నాను.

ఎలమంచిలి దాటుతుండగా నూకరాజు నంబరు నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడింది అప్పలకొండమ్మ.

“బాబూ, పాపకి నీల్లు పోసేం. ఏడవనేదు. సెప్పమని డాక్టరమ్మ అన్నారు.”

సంతోషమన్నాను. ఆవిడ పెట్టేయబోతుంటే ఆపి, “చెయ్యెలా ఉందమ్మా?” అన్నాను. పొద్దున్నుంచి ఆ కట్టు చూస్తూనే ఉన్నాను. ఆ మాట అడగడం అదే మొదటిసారి.



“మండతంది బాబూ,” అంది. “రాత్రులు నిద్ర పట్టనేదు.”