భూమయ్య పిలుపు, జిలాని లైను

ఒమాన్‌లో సహం అనే ఊళ్ళో ఉన్న ఆ కంపెనీ క్యాంపులో జిలానిని ఎవరూ స్టోర్‌కీపర్ అనరు, ఉద్యోగం అదే అయినా. సిమెంటు బస్తాలు, పైపు ముక్కలు ఎవరైనా చూసుకుంటారు. నెట్ ఎందుకు పాకుతోందో చెప్పగలిగినవాడు మాత్రం అతనొక్కడే. అందుకని క్యాంపు మొత్తానికి అతను నెట్ జిలాని. ఆ పేరంటే లోలోపల మహా మురిపెం. పైకి మాత్రం, ఎవరైనా తలుపు తడితే చాలు, మళ్ళీ ఏం ముంచుకొచ్చిందని విసుక్కుంటాడు.

ఒకప్పుడు ప్రొద్దుటూరులో ఇంటర్నెట్ సెంటర్ నడిపాడు. జనం చేతుల్లోకి ఫోన్లు వచ్చి సెంటరు మూతపడింది కానీ, అక్కడ అబ్బిన పిచ్చి పోలేదు. ఒమాన్ వచ్చాక, ఆఫీసువాళ్ళు పారేయబోతున్న పాత కంప్యూటర్ ఒకటి అడిగి తెచ్చుకుని స్టోర్ రూమ్ మూల పెట్టుకున్నాడు. బయటి లైను ముందు దాంట్లోకి వచ్చి, అక్కణ్ణుంచి రూములకు పోయేట్టు అమర్చాడు. దానికి బొమ్మల్లేవు, మౌసుతో పనిలేదు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, అంతే. ఇఫ్‌టాప్ అని కమాండు కొట్టి ఎంటర్ నొక్కితే, ఏ ఫోన్ ఎంత లాగుతోందో, ఎంత బయటికి పంపుతోందో పేర్లతో సహా వరసగా కనబడుతుంది. ఎక్కువ మింగేవాడి పేరు పైకెక్కుతుంది, తక్కువ మింగేవాడిది కిందికి జారుతుంది. ఎవరేం చూస్తున్నారో తెలియదు. ఎంత చూస్తున్నారో తెలుస్తుంది. మనుషుల మీద అభిప్రాయాలు ఏర్పరచుకోవడానికి జిలానికి ఆ మాత్రం చాలు. ఎలక్ట్రీషియన్ అంజి మీద ఏర్పరచుకున్నది మరీ చెడ్డది. అంజికి సినిమాలు దించుకునే జబ్బు ఉంది, వాడి పేరు పైవరస దిగదు.

అలాంటి జిలాని దగ్గరికి భూమయ్య మేస్త్రీ ఒక సాయంత్రం వచ్చి కూర్చున్నాడు. జగిత్యాల వైపు మనిషి. గోడ కట్టడంలో ఎంత నేర్పో, మాట్లాడటంలో అంత పొదుపు. కూతురు నవీనకు ఆడపిల్ల పుట్టింది. శుక్రవారం పొద్దున ఊళ్ళో తొట్టెల ఫంక్షన్, పాపను ఉయ్యాలలో వేసి పేరు పెట్టే వేడుక. వాళ్ళింట్లో పేరు ముందుగా పాప చెవిలో చెప్పాల్సింది ఇంటి పెద్ద. అప్పటిదాకా ఆ పేరు ఇంకెవరికీ తెలియకూడదు. అందుకని వీడియో కాల్ పెట్టి, ఇక్కణ్ణుంచి తనే చెప్పాలని భూమయ్య ఆశ. లైన్ ఆగకుండా ఉంటుందా అని అడగడానికి వచ్చాడు.

"నవీన పుట్టినప్పుడు గూడ నేను గల్ఫ్‌లనే ఉన్న తమ్మీ," అన్నాడు. "నా బిడ్డ పేరు ఊరికెల్లి ఒచ్చినాయన చెప్తే నాకు ఎర్కైంది. మన్మరాలి పేరన్న నా నోటితోని చెప్పాలె."

జిలాని కరిగిపోయాడు. దాన్ని కప్పిపుచ్చుకోవడానికి మామూలుకంటే ఎక్కువ విసుక్కుని, ఆ పూట లైన్ తన పూచీ అని, ఏ కొంచెం ఆగినా తనను అడగమని మాటిచ్చేశాడు.

భూమయ్య అంతటితో ఊరుకుంటే ఈ కథ లేదు. వాళ్ళ ఊళ్ళో ఫంక్షన్ అంటే ఇంటింటికీ వెళ్ళి బొట్టు పెట్టి పిలవాలి. ఒక్క గడప మరిచిపోయినా ఆ మాట ఏళ్ళ తరబడి మోయాలి. క్యాంపులో గడపలెక్కడివి, ఒకదాని మీద ఒకటి ఎక్కించిన మంచాలు తప్ప? కనుక మంచం మంచానికీ వెళ్ళాడు. పై మంచం మీదున్నవాణ్ణి కిందికి దింపి మరీ బొట్టు పెట్టాడు. ఇస్రాయేలు, జిలాని లాంటి బొట్టు పెట్టుకోనివాళ్ళకు ఆ మర్యాద తగ్గకూడదని చేతిలో ఖర్జూరం పెట్టాడు. పిలిచాడు గానీ చోటు చెప్పలేదని ఎవరూ అనకుండా, కాల్‌లోకి వచ్చే లింకును అంజి చేత అందరి ఫోన్లకూ పంపించాడు. జిలానికీ వచ్చింది. లైను చూసుకునేవాణ్ణి కదా, అందుకని తనకొక్కడికే పంపించాడనుకున్నాడు జిలాని. మనిషికి కాస్త గర్వం ఉంటే ఇలాంటివి అనుకోవడం తేలిక.

శుక్రవారం వచ్చింది. భూమయ్య మెస్‌లో బల్ల మీద నీళ్ళ జగ్గుకు ఫోన్ ఆనించి, ఇస్త్రీ పంచెతో ఎదురుగా కూర్చున్నాడు. జిలాని స్టోర్ రూమ్‌లో నల్ల తెర ముందు కాపలా కూర్చున్నాడు. కాల్ మొదలైంది. భూమయ్య భార్య ముత్తవ్వ కనబడింది, పూలు చుట్టిన తొట్టెల కనబడింది. అయ్యగారు మంత్రం అందుకున్నారు. అంతలో బొమ్మ ఆగిపోయింది. ముత్తవ్వ నోరు సగం తెరిచి అలాగే ఉండిపోయింది. కాసేపటికి కదిలింది, మళ్ళీ ఆగింది. భూమయ్య ఫోన్ పట్టుకుని, పంచె ఎగ్గట్టి స్టోర్ రూమ్‌కు పరుగెత్తుకొచ్చాడు. మంచి గడియ దాటిపోతోందట. అయ్యగారికి ఇంకో ఊళ్ళో పెళ్ళి ఉందట.

తెర మీద అన్నిటికంటే పైన అంజి పేరుంది. ఇంకేం కావాలి? జిలాని శివాలెత్తిపోయాడు. ఈ పూట కూడా సినిమాయేనా అని తిట్టుకుంటూ, చెప్పు ఒకటి జారిపోయినా ఆగకుండా అంజి రూమ్‌కు వెళ్ళి తలుపు తోశాడు.

అంజి స్నానం చేసి, కొత్త చొక్కా తొడుక్కుని, నుదుట బొట్టుతో మంచం మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఫోన్. అందులో ఆగిపోయిన తొట్టెల.

"నేనేం చేసిన భాయ్?" అన్నాడు బిత్తరపోయి. "ఫంక్షన్‌కు ఒచ్చిన."

పక్క రూమ్‌లో ఇస్రాయేలు ప్రార్థనకు వేసుకునే తెల్లచొక్కా వేసుకుని కూర్చున్నాడు, ఎదురుగా ఫోన్. ఆ పక్క రూమ్‌లో, ఆ పై మంచం మీద, వరండాలో మెట్ల మీద, ఎక్కడ చూసినా అంతే. పిలిచినవాళ్ళలో ఒక్కడు కూడా మానలేదు. పైగా వచ్చినవాళ్ళు మొహం చూపించకపోతే పిలిచినవాళ్ళు ఏమనుకుంటారని, అందరూ కెమెరాలు తెరిచి పెట్టారు. సన్నపాటి లైను ఇన్ని మొహాలను ఒకేసారి జగిత్యాలకు మోయలేక చతికిలబడింది. జిలానికి కోపమంతా దిగిపోయి నవ్వు తన్నుకొచ్చింది.

అదే పరుగున అతను తెర దగ్గరికి తిరిగొచ్చాడు. ఒక్క కమాండుతో భూమయ్య ఫోన్ తప్ప అందరివీ ఆపేయవచ్చు. వేళ్ళు మీటల మీద పెట్టాడు కూడా. కానీ బొట్టు పెట్టి పిలిచిన చుట్టాలను మొహం మీద తలుపేసి పంపడం ఎలా? అడగకుండా చేయడం ఇష్టంలేక, సంగతి భూమయ్యకు చెప్పాడు.

భూమయ్య తల అడ్డంగా ఊపాడు. గడియ పోతే పోనీ అన్నట్టుంది ఆ మొహం.

"నేనే పిలిచిన. ఎట్ల పొమ్మంట?"

"పొమ్మనడం ఎందుకన్నా? అందర్నీ మెస్‌లోకి రమ్మందాం. ఫోన్లు ఆపేసి మనుషులే వస్తారు."

భూమయ్య ఫోన్‌తో మెస్‌కు మళ్ళాడు, వరండా పొడుగునా జిలాని కేకేసుకుంటూ పోయాడు. జనం కదిలారు. తిరిగొచ్చి చూస్తే తెర మీద పేర్లు ఒక్కొక్కటే రాలిపోతున్నాయి. అంజి పోయాడు, ఇస్రాయేలు పోయాడు. చివరికి రెండే మిగిలాయి. ఒకటి భూమయ్యది. రెండోది ఎవరిదా అని కళ్ళు చికిలించి చూస్తే, జిలాని. ఆలస్యం కాకూడదని పొద్దున్నే లింకు నొక్కి, ఫోన్‌ను పైపు ముక్కల మధ్య వెల్లకిలా పడేసి మరిచిపోయాడు మహానుభావుడు. అప్పటికి ఆ ఫోన్‌లోంచి ముత్తవ్వ మాట స్పష్టంగా వినిపిస్తోంది, ఎవరిదో ఇంటికప్పు ఫ్యాన్ తిరుగుతున్నట్టు కనబడుతోందని, ఆ వచ్చిన చుట్టం ఎవరని అడుగుతోంది. జిలాని సిగ్గుపడి, ఫోన్ ఆపేసి, తెరను దాని మానాన వదిలి మెస్‌కు పరుగెత్తాడు.

మెస్ నిండిపోయింది. వెనకవాళ్ళు బెంచీలెక్కారు. బొమ్మ నీళ్ళంత తేటగా వస్తోంది. ముత్తవ్వ అక్కడ ఫోన్‌ను పాప చెవి దగ్గర పెట్టింది. భూమయ్య ఇక్కడ బల్ల మీదికి వంగి, అరచెయ్యి అడ్డం పెట్టుకుని, ఏదో ఒక్క మాట మెల్లగా అన్నాడు. ఎవరికీ వినబడలేదు. పాప కాళ్ళు ఆడించింది.

అప్పుడు నవీన ఫోన్ అందుకుంది. "దానికి చెప్పినవ్ సరే బాపూ. మాకు గూడ నీ నోటితోనే చెప్పు."

భూమయ్య లేచి నిలబడ్డాడు. నిండిన కళ్ళు పంచె చెంగుతో తుడుచుకున్నాడు.

"ఆశ," అన్నాడు. "నా మన్మరాలి పేరు ఆశ."

మెస్ మొత్తం ఆ పేరు తిరిగి అంది. జిలాని అందరికంటే గట్టిగా అన్నాడు. ఆ సమయంలో లైను ఎలా ఉందో చూడాలని అతనికి తోచనే లేదు.