మూడు పాయల టోపీ

మొన్న చలి మొదలైన రోజుల్లో మందుల కోసం నరసరావుపేట వెళ్లి తిరిగి వస్తుంటే, బస్టాండు దారిలో, ఏటా ఉత్తరాది కొండల నుంచి వచ్చే మనుషులు రోడ్డు పక్కన పట్టాలు పరిచి స్వెట్టర్లు, మఫ్లర్లు, టోపీలు గుట్టలుగా పోసి అమ్ముతున్నారు. ఎండకు వేడెక్కిన ఉన్ని వాసన, అందులో కలిసిన కలరా ఉండల ఘాటు ముక్కుకు తగిలి నా కాళ్లు వాటంతట అవే ఆగిపోయాయి. ఒక టోపీ మీద నిలువునా జడలాంటి అల్లిక ఉంది. వేలితో తడిమి చూశాను. రెండే పాయలు. "ఇది జడ కాదు నాయనా, మోకు" అన్నాను. అమ్మే అబ్బాయికి తెలుగు రాదు, నవ్వాడు. నాకు మా అమ్మ గుర్తొచ్చి నవ్వొచ్చింది. నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాను, చెబుతుంటే ఇంకొకరు రాస్తున్నారు. మాట ముందూ వెనకా అయితే మీరే సర్దుకోండి.

మా ఊరు పిడుగురాళ్లకు దగ్గర. చలికాలం తెల్లారేసరికి సున్నం బట్టీల పొగేదో మంచేదో తెలిసేది కాదు. కళ్లాల్లో ఆరబోసిన మిరపకాయల కోరుకు ఊరంతా తుమ్ముతూ నిద్రలేచేది. పిల్లలం చితుకుల మంట చుట్టూ చేరి వేరుశనగకాయలు కాల్చుకుని, ఆ మసి చేతులతోనే సజ్జ రొట్టె, నువ్వుల కారం తిని, ఆపైన తిట్లు కూడా తినేవాళ్లం. మధ్యాహ్నం పనులు తెమిలాక ఆడవాళ్లంతా మా అరుగు మీద ఒకరి వెనక ఒకరు రైలు పెట్టెల్లా కూర్చుని తలలు దువ్వుకునేవాళ్లు. ఆముదం వాసన, కుంకుడుకాయ వాసన, ఎవరి కోడలు ఎవరిని ఏమందో ఆ కబుర్లు. ఆ రైలుకు ఇంజను మా అమ్మ. ఆమె జడ నడుము దాటి ఊగుతుంటే ఆ పాయల లావు నా పిడికిట్లో పట్టేది కాదు.

ఆ ఏడు కార్తీకంలో అమ్మకు టైఫాయిడ్ వచ్చింది. జ్వరం తగ్గింది గానీ దువ్వెన పెడితే చాలు, జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడి చేతికొచ్చింది. సవరం పెట్టుకుందామన్నా ముడివేయడానికి సొంత వెంట్రుకలు నాలుగు ఉండాలి కదా. తలకు తువ్వాలు చుట్టుకుని గడప దాటడం మానేసింది. నీళ్లకు కూడా నాయనమ్మే వెళ్లేది.

సరిగ్గా అప్పుడే మా మేనమామ పెళ్లి మాఘమాసంలో కుదిరింది. మా ఇళ్లలో పెళ్లికొడుకు అక్కే వధూవరుల కొంగులు ముడివేయాలి. మామ స్వయంగా వచ్చి కూర్చున్నాడు.

"అక్కా, నువ్వు రాకపోతే నా కొంగెవరు ముడేస్తారే?"

"బోడి తలతో వచ్చి నీ పందిట్లో నిలబడమంటావేందిరా? పిన్ని ఉందిగా, ముడెయ్యమను."

మామ అన్నం ముట్టకుండా వెళ్లిపోయాడు. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని కళ్లు తుడుచుకుంటుంటే ఏందమ్మా అని అడిగాను. పొగ అంది. పొయ్యిలో నిప్పే లేదు.

ఊరి చివర చిన్న రైలు స్టేషను ఉండేది. స్టేషను మాస్టరు గారి భార్యను మేమంతా స్టేషనత్త అనేవాళ్లం. వాళ్ల నాన్న మిలిటరీలో చేయడంతో చలి ఊళ్లలో పెరిగి, మా ఎండల ఊళ్లోనూ ఏదో ఒకటి అల్లుతూనే ఉండేది. గచ్చకాయలు ఆడటానికి ఆ వైపు వెళ్లిన నాకు, ఆమె చేతిలోని టోపీ మీద మెలిక తిరుగుతున్న అల్లిక కనిపించింది. ఏందత్తా అదంటే "జడల్లిక" అంది. ఆ మాట నన్నిక వదల్లేదు. మా అమ్మకొకటి కావాలని కొంగు పట్టుకున్నాను.

ఆమె మాస్టరు గారి పాత ఇటుక రంగు స్వెట్టరు విప్పింది. ఉంగరాలు తిరిగిన ఆ ఉన్నిని వేడినీళ్లలో ముంచి, చెంబు వేలాడగట్టి సాపు చేశాం. నాకు సూదులుగా సైకిలు పుల్లలు అరగదీశాం. ఆమె భాషలో కుట్లు రెండే రకాలు, సీదా, ఉల్టా, అంటే తిన్నగా ఒకటి, తిరగేసి ఒకటి. అంచుకు రెండు సీదా, రెండు ఉల్టా వేసుకుంటూ పోతే సాగి తలను పట్టుకుంటుంది. జడ దగ్గరికొచ్చేసరికి కొన్ని కుట్లు తల పిన్నుకు ఎక్కించి ముందుకు వదిలేయాలి, పక్క కుట్లు అల్లాలి, తర్వాత పిన్ను మీదవి అల్లాలి. ఒక పాయ ఇంకోదాని మీదుగా దాటుతుంది. నాలుగు వేళ్ల మేర అల్లి చూసుకుని మొహం వేలాడేశాను.

"ఇది జడ కాదత్తా. ఎద్దుల మోకు."

"ఏమే, ఎంత పొగరే నీకు! లోకమంతా దీన్నే జడంటంది."

"మా అమ్మకి రెండు పాయల జడేందత్తా?"

ఆమె తన జుట్టు ముడి విప్పి, నాకు వీపు పెట్టి కూర్చుంది. "అల్లు. ఏ పాయ ఎటు పోతందో పైకి చెప్పు." కుడి పాయ మధ్యదాని మీదుగా, ఎడమ పాయ మధ్యదాని మీదుగా అని నేను పాటలా చెబుతుంటే, ఆమె ఒళ్లోని సూదులతో అట్లాగే చేసింది. కుడి పాయ దాటేటప్పుడు పిన్ను ముందుకు, ఎడమ పాయ దాటేటప్పుడు వెనక్కి. మూడో పాయ వచ్చి కలిసింది.

అమ్మకు తెలియకుండా తల కొలత ఎట్లా? మజ్జిగ కుండకు తొడిగి చూసుకునేదాన్ని. నాయనమ్మ పట్టేసింది.

"ఒసే, కుండకి చలేస్తందా? రేపు రోలుక్కూడా చొక్కా తొడుగుతావేందే!"

పెళ్లికి బండి కట్టే రోజు రానే వచ్చింది. అమ్మ మాకు అరిసెల డబ్బా సర్ది ఇచ్చి, తను మాత్రం కదల్లేదు. నేను వెనక నుంచి వెళ్లి తువ్వాలు లాగేసి టోపీ తొడిగాను. అమ్మ చెయ్యి గభాలున పైకి పోయింది. నడినెత్తి నుంచి మెడ దాకా మెల్లగా తడుముతూ దిగింది. ఒకచోట నేను పిన్ను తప్పు పెట్టిన మెలిక దగ్గర వేలు ఆగింది. కొడుతుందేమో అనుకున్నాను.

"నాకే టోపీ పెట్టావటే, దొంగముండా!" అంది.

ముందు నాయనమ్మకు నవ్వు ఆగలేదు, తర్వాత బయట ఎద్దుల దగ్గరున్న నాన్నకు, చివరికి అమ్మకు. జ్వరం పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. నవ్వుతూనే పెట్టెలోంచి పట్టుచీర తీసింది.

పందిట్లో మా చిన్నమ్మమ్మ చేమంతులు తెచ్చి ఆ ఉన్ని జడ సందుల్లో గుచ్చింది. జుట్టులో కంటే గట్టిగా నిలిచాయి. అమ్మ పీటల దగ్గరికి వచ్చేసరికి పెళ్లికూతురి తరఫు ముసలామె ఒకావిడ గట్టిగానే అంది. "ఇదేందమ్మా, ఆడపడుచు పోలీసోడి మాదిరి టోపీ పెట్టుకొచ్చింది!"

మామ తల దించుకున్నాడు.

"బేడీలెయ్యాలిగా పిన్నీ, మీ పిల్లకీ మా పిల్లోడికీ" అంటూ అమ్మ ఆ రెండు కొంగులూ కలిపి ముడి బిగించింది. పందిరంతా నవ్వింది, అందరికంటే ఎక్కువ ఆ ముసలామే. మామ కండువా అంచుతో కళ్లు ఒత్తుకున్నాడు. ఈసారి ఎవరూ పొగ అనలేదు.

వానలు పడేనాటికి అమ్మకు జుట్టు మొలిచింది. మూడు పాయలు తీయడానికి వీలైన రోజున అరుగు మీదకు వచ్చి, అందరి ముందూ నా ఎదుట వీపు పెట్టి కూర్చుని, "అల్లవే" అంది. వేలెడు జడ. అంత జాగ్రత్తగా నేను ఇంకే పనీ చేయలేదు.

ఇప్పుడు ఆ స్టేషనులో బళ్లు ఆగవు. టోపీని చిమ్మటలు తినేశాయి. మా అరుగు రోడ్డు వెడల్పులో పోయింది. ఆడపిల్లలు అద్దం ముందు ఒక్కళ్లే నిలబడి దువ్వుకుని జుట్టు వదిలేసుకుని వెళ్తుంటారు. చక్కగానే ఉంటారు, నేనేమీ అనను. నాకూ తిండికి, నీడకు లోటు లేదు. కాకపోతే మధ్యాహ్నం అయ్యేసరికి చేతులకు తోచదు. వీపు నాకు అప్పగించి, వెనక్కి తిరిగి చూడకుండా కూర్చునే మనిషి లేదు.